పాఠకుల ప్రశ్నలు - జవాబులు: మరుగుదొడ్డి గుంత నిండాక ఏం చేయాలి?

కిందటి సంచికలో మంచినీటి గురించి రాసిన తర్వాత నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం మరుగుదొడ్లు, మోరీల గురించే ఉన్నాయి. వాటిలో ఆరింటికి ఈసారి జవాబు ఇస్తున్నాను. కొందరు కోరినందువల్ల ఎవరి పేరూ ప్రచురించడం లేదు.

ప్రశ్న: స్వచ్ఛ భారత్ కింద ఇచ్చిన 12 వేలతో 2017లో ఇంటి వెనుక మరుగుదొడ్డి కట్టించుకున్నాం. మేస్త్రీ ఒక్కటే గుంత తవ్వి, సిమెంటు రింగులు దించి, పైన బండ వేసి వెళ్ళాడు. ఇప్పుడది నిండి నీళ్ళు వెనక్కి తంతున్నాయి. ఒకసారి ఇచ్చాక మళ్ళీ డబ్బులు రావంటున్నారు. ముసలి అత్త, ఇద్దరు ఆడపిల్లలు ఉన్న ఇల్లు మాది. ఏం చేయాలి? (ఒక గృహిణి, చందంపేట మండలం)

జవాబు: అమ్మా, ముందు చేయవలసిన పని చెబుతాను, కారణం తర్వాత చెబుతాను. నిండిన గుంతలోకి ఎవరినీ దించవద్దు. దానికి మూడు నాలుగడుగుల ఎడంగా, దగ్గరలో బావి గాని బోరు గాని ఉంటే దానికి కనీసం పది మీటర్ల దూరంలో రెండో గుంత తవ్వించండి. మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల లోతు సరిపోతుంది. నీరు మట్టిలోకి ఇంకిపోవాలి కనుక చుట్టూ కట్టే ఇటుకల మధ్య సందులు వదలాలి, అడుగున సిమెంటు వేయకూడదు. దొడ్డి నుంచి వచ్చే పైపు దగ్గర చిన్న తొట్టి కట్టించి, అందులో నుంచి రెండు గుంతలకూ రెండు దారులు పెట్టించి, పాత గుంత దారిని ఇటుకతో మూయించండి. మూసిన గుంతను ఏడాదిన్నర, రెండేళ్ళు కదపకుండా వదిలేస్తే లోపలిదంతా వాసన లేని నల్లటి ఎరువుగా మారుతుంది. ఐదారుగురు ఉండే ఇంట్లో ఒక గుంత సుమారు ఐదేళ్ళు వస్తుంది కాబట్టి రెండోది నిండేనాటికి మొదటిది ఖాళీ చేసి సిద్ధంగా పెట్టుకోవచ్చు. మీ వైపు రెండడుగులు తవ్వగానే బండ తగిలే చోట్లు ఉన్నాయి. అక్కడ లోతు తగ్గించి వెడల్పు పెంచాలి.

రెండు గుంతల పద్ధతి కొత్తగా కనిపెట్టింది కాదు, ప్రభుత్వం మొదటి నుంచీ సిఫారసు చేస్తున్నదే. గ్రామీణ పారిశుద్ధ్యానికి కేంద్ర పథకం 1986లో మొదలైంది. 1999లో సంపూర్ణ పారిశుద్ధ్య ఉద్యమం అన్నారు, 2012లో నిర్మల్ భారత్ అభియాన్ అన్నారు, 2014 అక్టోబరు 2 నుంచి స్వచ్ఛ భారత్ అంటున్నారు. 2011 జనగణన నాటికి దేశంలోని పల్లె ఇళ్ళలో మరుగుదొడ్డి ఉన్నవి నూటికి 31కి కూడా చేరలేదు. 2014 నుంచి ఐదేళ్ళలో పల్లెల్లో 10 కోట్లకు పైగా దొడ్లు కట్టామని ప్రభుత్వం లెక్క చెప్పింది. ఆ శ్రమను నేను తక్కువ చేయను. తెల్లవారకముందే చెంబు పట్టుకుని పొలం గట్టు వెతుక్కున్న ఆడవాళ్ళకు అదెంత మార్పో వాళ్ళకే తెలుసు. కాని బిల్లు మంజూరుకు కావలసింది కట్టిన దొడ్డి ఫొటో. ఫొటోలో గోడ, తలుపు, రేకు కనిపిస్తాయి, మట్టి కింది గుంత కనిపించదు. మేస్త్రీ ఒక గుంతతో సరిపెట్టినా అడిగేవారు లేకపోయారు. 2019 అక్టోబరు 2న గ్రామీణ భారతం బహిరంగ మలవిసర్జన లేనిదిగా మారిందని ప్రకటించారు; 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మాత్రం దేశం మొత్తంమీద నూటికి 19 ఇళ్ళవారు ఏ దొడ్డినీ వాడడం లేదని తేలింది. గుంత నిండిన ఇల్లు మళ్ళీ ఆ లెక్కలోకే జారిపోతుందన్నది నా భయం.

మీరు కొత్త దొడ్డి అడిగితే రాదంటారు, అది నిజమే. రెండో గుంత అడగండి. 2020లో మొదలైన స్వచ్ఛ భారత్ రెండో దశ మార్గదర్శకాలు ఒంటి గుంత దొడ్లను రెండు గుంతలవిగా మార్చమని చెబుతున్నాయి. మీ వాడలో ఇలాంటి ఇళ్ళు ఎన్ని ఉన్నాయో లెక్కగట్టి, అందరూ కలిసి గ్రామసభలో ఒకే దరఖాస్తు ఇవ్వండి.

ప్రశ్న: మా కాలనీలో దాదాపు ప్రతి ఇంటికీ సెప్టిక్ ట్యాంకు ఉన్నా, దాని పైపు మోరీలోకే వదిలారు. ట్యాంకు ఖాళీ చేసే బండివాళ్ళు ఆ మడ్డిని ఊరి బయట కాలువలో వదులుతున్నారు. ఇలాగైతే ట్యాంకు కట్టి ప్రయోజనమేమిటి? (రిటైర్డ్ ఉపాధ్యాయుడు, నల్లగొండ)

జవాబు: మాస్టారూ, సెప్టిక్ ట్యాంకు మలాన్ని శుద్ధి చేస్తుందని చాలామంది నమ్ముతారు. అది చేసే పని బరువైనదాన్ని అడుగుకు దింపడం, కొంత మేర కుళ్ళబెట్టడం మాత్రమే. బయటికి వచ్చే నీరు తేటగా కనిపించినా అందులో రోగక్రిములు ఉంటాయి. అందుకే ఆ నీటిని ఇంకుడు గుంతలోకి పంపాలని భారతీయ ప్రమాణం ఐఎస్ 2470 చెబుతుంది. ఇరుకు స్థలాల్లో ఇంకుడు గుంతకు చోటు లేక పైపును మోరీలో కలిపేస్తున్నారు. ఇక ట్యాంకు తెరిచే సంగతి. అడుగున మడ్డి చేరేకొద్దీ నీరు నిలిచే చోటు తగ్గిపోతుంది కాబట్టి రెండు మూడేళ్ళకొకసారి తోడించాలి. పొంగేదాకా దాని ఊసే ఎత్తని ఇళ్ళే ఎక్కువ. మూత ఎక్కడుందో తెలియక వరండాలో వేసిన కొత్త టైల్స్ పగలగొట్టిన ఇంటిని నేను స్వయంగా చూశాను.

బండివాళ్ళ మీద మీ కోపం న్యాయమైనదే గాని, వాళ్ళను మాత్రమే అని లాభం లేదు. మూడు నాలుగు వేల లీటర్ల మడ్డితో నిండిన బండిని ఎక్కడ ఖాళీ చేయాలో పట్టణం చూపించకపోతే, చూపించిన చోటు పాతిక కిలోమీటర్ల దూరంలో ఉంటే, డీజిల్ ఖర్చు లెక్క వేసుకున్న డ్రైవరు దగ్గరి కాలువనే చూసుకుంటాడు. మలవ్యర్థాల నిర్వహణకు కేంద్రం ప్రత్యేకంగా జాతీయ విధానం ప్రకటించింది 2017లో. అప్పటిదాకా పట్టణ పారిశుద్ధ్యం అంటే భూగర్భ డ్రైనేజీయే అన్న ఆలోచన నడిచింది. అంత ఖర్చు పెట్టుకోలేని చిన్న పట్టణాలు దాని కోసం ఎదురుచూస్తూ ఉండిపోయాయి. పైపులైను లేని పట్టణం కూడా బండ్లతో తోడి, శుద్ధి కేంద్రానికి చేర్చి, ఆరబెట్టి ఎరువు చేయవచ్చని కర్ణాటకలోని దేవనహళ్ళి 2015లోనే చూపించింది. మన రాష్ట్రంలో వరంగల్ తొలి పట్టణాల్లో ఒకటిగా ఆ దారి పట్టింది. మహారాష్ట్రలోని వాయి పట్టణం ఇంకో అడుగు ముందుకు వేసింది. అక్కడ ఇంటివాళ్ళు పిలిచేదాకా ఆగరు. మూడేళ్ళకొకసారి వరస ప్రకారం మునిసిపాలిటీ బండే ఇంటికి వస్తుంది, ఖర్చు పన్నుతో కలిపి వసూలవుతుంది. నల్లగొండ, మిర్యాలగూడ, వనపర్తి వంటి పట్టణాలకు నేను కోరేది ఇదే. శుద్ధి కేంద్రం కట్టినంత మాత్రాన సరిపోదు, బండి దాని దగ్గరకు వెళ్ళక తప్పని ఏర్పాటు కావాలి. పట్టణానికిచ్చే నిధులకు ఆ షరతు పెట్టగలిగేది కేంద్రమే.

ప్రశ్న: నేను సెప్టిక్ ట్యాంకు బండి నడుపుతాను. అడుగున గట్టిపడిన మడ్డి పైపుకు రాదు. ఇంటివాళ్ళు లోపలికి దిగి పారతో కదపమంటారు, వెయ్యి రూపాయలు ఎక్కువ ఇస్తామంటారు. దిగనంటే ఇంకో బండిని పిలుస్తారు. (మిర్యాలగూడ)

జవాబు: తమ్ముడూ, దిగవద్దు. ఎంత ఇస్తామన్నా దిగవద్దు. మూసి ఉన్న ట్యాంకులో హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్ పేరుకుని ఉంటాయి, ప్రాణవాయువు ఉండదు. రెండు మూడు శ్వాసలకే మనిషి స్పృహ తప్పి పడిపోతాడు. అతణ్ణి లాగుదామని దిగిన రెండో మనిషీ పైకి రాడు. అగ్గిపుల్ల గీసి లోపల గాలి ఉందో లేదో చూసే అలవాటు కొందరికుంది. మీథేన్ అంటుకుంటుంది, అది కూడా చేయవద్దు. గట్టిపడిన మడ్డిని పైనుంచి నీళ్ళు కొట్టి పలుచన చేసి లాగాలి. లేదంటే ఆ పని ఆపేసి రావాలి.

మిమ్మల్ని దిగమన్న యజమానికి ఈ మాట చెప్పండి. మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 నాటి చట్టం ప్రకారం రక్షణ లేకుండా మనిషిని ట్యాంకులోకి దించినవారు, ఇంటి యజమాని అయినా సరే, నేరస్థులే. మొదటిసారి రెండేళ్ళ దాకా జైలు గాని, 2 లక్షల రూపాయల దాకా జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. ఇలా చనిపోయినవారి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని 2014లో చెప్పిన సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలకు పెంచింది. సఫాయి కర్మచారీ ఆందోళన్ నాయకుడు బెజవాడ విల్సన్ గారి వంటివారు ఏళ్ళ తరబడి పోరాడితే వచ్చిన రక్షణలివి. ట్యాంకు ఖాళీ చేసే సేవ కోసం 14420 నెంబరు కూడా ఉంది. కరెంటు స్తంభాల మీద మీ బండి నెంబరు రాసుకునే చోటే ‘మనిషి లోపలికి దిగడు’ అని ఒక ముక్క కలిపి రాయండి. ఊళ్ళో ఉన్న నాలుగు బండ్లవాళ్ళూ ఒకే మాట మీద ఉంటే ఇంకో బండిని పిలిచే వీలుండదు.

ప్రశ్న: పారిశుద్ధ్యం రాష్ట్రాల జాబితాలోని అంశం కదా, కేంద్రం విధానాలు చేసి ఏం లాభం? (న్యాయశాస్త్ర విద్యార్థిని, మహబూబ్‌నగర్)

జవాబు: రాజ్యాంగం ఏడో షెడ్యూలులో ప్రజారోగ్యం, పారిశుద్ధ్యం రాష్ట్రాల జాబితాలో ఆరో అంశంగా ఉన్నమాట నిజం. అందువల్లే పాకీదొడ్ల (మనుషులు మలం ఎత్తవలసిన దొడ్ల) నిషేధానికి 1993లో పార్లమెంటు చేసిన చట్టానికి రాజ్యాంగం 252వ అధికరణం ఆధారం కావలసివచ్చింది. కొన్ని రాష్ట్రాల శాసనసభలు తీర్మానం చేసి కోరితే పార్లమెంటు ఆ విషయంపై చట్టం చేయవచ్చునని ఆ అధికరణం చెబుతుంది. అప్పుడు అలా కోరిన ఆరు రాష్ట్రాల్లో, మన జిల్లాలు భాగంగా ఉన్న నాటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఇది మనం గర్వంగా చెప్పుకోదగిన సంగతి. అయినా ఆ చట్టం అమలులోకి రావడానికి 1997 జనవరి 26 దాకా పట్టింది. దానిలోని లోపాలను చూశాకనే 2013లో, నాటి జమ్మూ కశ్మీర్ మినహా దేశమంతటికీ వర్తించే చట్టం వచ్చింది.

చట్టం ఒక్కటే కేంద్రం చేతిలోని సాధనం కాదు. నిధులు, ప్రమాణాలు కూడా దాని చేతిలోనే ఉన్నాయి. మరుగుదొడ్డికిచ్చే 12 వేల రూపాయల్లో 60 శాతం కేంద్రానిది, 40 శాతం రాష్ట్రానిది. డబ్బు ఇచ్చేవారు దేన్ని లెక్కిస్తే కింది అధికారి దాన్నే చేసి చూపిస్తాడు. ఇన్నాళ్ళూ కట్టిన దొడ్లను లెక్కించారు. ఇకపై సురక్షితంగా తోడిన గుంతలను, శుద్ధి కేంద్రానికి చేరిన బండ్లను లెక్కించాలి. తన సొంత ఆస్తి విషయంలో కేంద్రం ఇంతకంటే బాగా చేసి చూపించింది. నల్లగొండ మీదుగా గుంటూరు వెళ్ళే రైలు నుంచి ఒకప్పుడు మలం నేరుగా పట్టాల మీద పడేది, దాన్ని మనుషులే ఎత్తేవారు. బోగీలకు బయో టాయిలెట్లు బిగించాక ఆ పని తప్పింది.

ప్రశ్న: మార్కెట్లో పొద్దున ఐదింటి నుంచి కూరగాయలు అమ్ముతాను. అక్కడి దొడ్డికి తాళం వేసి ఉంటుంది. మధ్యాహ్నం దాకా నీళ్ళు తాగకుండా కూర్చుంటాను. (జడ్చర్ల)

జవాబు: అమ్మా, నీళ్ళు మానేయవద్దు, మూత్రంలో మంట, కిడ్నీలో రాళ్ళు అలాగే మొదలవుతాయి. బహిరంగ మలవిసర్జన లేని పట్టణాలకు పై మెట్టుగా ఓడీఎఫ్ ప్లస్ అనే గుర్తింపు ఇచ్చేటప్పుడు ప్రజా మరుగుదొడ్లు తెరిచి ఉండాలి, నీళ్ళుండాలి, వాడుకలో ఉండాలి అన్నది నియమం. తాళం వేసిన దొడ్డి ఆ లెక్కలో చేరకూడదు. తాళం వేసి ఉన్నప్పుడు రోజూ అదే సమయానికి ఫోనుతో ఫొటో తీసి పెట్టుకోండి. పది రోజుల ఫొటోలతో, మీతో కూర్చునే ఆడవాళ్ళందరి సంతకాలతో మునిసిపల్ కమిషనర్‌కు వినతిపత్రం ఇచ్చి రసీదు తీసుకోండి. తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది, ఎన్నింటికి తెరవాలి అన్నవి గోడ మీద రాయించమని అడగండి.

ప్రశ్న: డిసెంబరు ఎన్నికల్లో వార్డు సభ్యురాలిగా గెలిచాను. పారిశుద్ధ్యానికి నిధులు లేవంటున్నారు. నేను ఏం చూడాలి? (నాగర్‌కర్నూల్ జిల్లా)

జవాబు: 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబరు దాకా మన పంచాయతీలకు ఎన్నికైన పాలకవర్గాలు లేవు, ఆర్థిక సంఘం నిధులు రావాలంటే అవి ఉండాలి. ఆ నిధుల కరువు ప్రభావం ఇంకా ఉంది. 15వ ఆర్థిక సంఘం 2021-26కు ఇచ్చిన నిధుల్లో 30 శాతం పారిశుద్ధ్యానికి, మరో 30 శాతం మంచినీటికి కట్టుబడి ఉంటాయి; వేరే పనికి మళ్ళించకూడదు. ఆ ఖాతాలో ఎంత వచ్చింది, దేనికి పోయిందో చూపించమని పంచాయతీ కార్యదర్శిని అడగండి. అది మీ హక్కు.

ఆ తర్వాత ఒక నోటుపుస్తకం తీసుకుని మీ వార్డులో ఇంటింటికీ వెళ్ళండి. దొడ్డి ఉందా అని అడిగి ఊరుకోకుండా, వెనక్కి వెళ్ళి గుంతలు ఎన్ని ఉన్నాయో, పైపు ఎక్కడ కలుస్తోందో కళ్ళతో చూసి రాసుకోండి. బడిలోని ఆడపిల్లల దొడ్డిలో నల్లా తిప్పి చూడండి. చెత్త ట్రాక్టరుకు డ్రైవరు, డీజిల్ ఉన్నాయో, తడి చెత్త, పొడి చెత్త వేరుచేయడానికి కట్టిన షెడ్డు వాడుతున్నారో చూడండి. మురుగులో దిగే పారిశుద్ధ్య కార్మికులకు బూట్లు, చేతి తొడుగులు చివరిసారి ఎప్పుడు ఇచ్చారో వాళ్ళనే అడగండి. ఆ వివరాలన్నీ గ్రామసభలో చదివి, ఎన్ని ఇళ్ళకు రెండో గుంత కావాలో అంకెతో సహా గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో రాయించండి. సంతకం పెట్టే ముందు ఆ అంకె అందులో ఉందో లేదో మరోసారి చూసుకోండి.