మీరడిగారు: సంతకం రానివాళ్ళంతా చదువు రానివాళ్ళేనా?

ప్రశ్న: నమస్తే మేడం. గుంటూరు బ్రాడీపేటలో హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నాను. మా కోచింగ్ నోట్స్‌లో "అచ్చుయంత్రం రావడంతో యూరప్ ప్రజలు అక్షరాస్యులయ్యారు" అని ఒక్క లైన్లో తేల్చేశారు. అప్పట్లో జనాభా లెక్కలే లేవు కదా, ఎంతమందికి చదువొచ్చో ఎలా తెలిసింది? అసలా లైన్ నిజమేనా?

జవాబు: పరీక్షలో ఒక మార్కుకి ఆ లైన్ సరిపోతుందేమో గానీ అమ్మా, అందులో రెండు మూడొందల ఏళ్ళు ఎగిరిపోయాయి. జర్మనీలో మైంజ్ అనే ఊళ్ళో గూటెన్‌బర్గ్ బైబిల్ అచ్చయింది 1455 ప్రాంతంలో. 1642 నాటికి ఇంగ్లండ్‌లో పరిస్థితి ఏంటంటే, పార్లమెంటు ఊరూరా పెద్దవయసు మగవాళ్ళందరిచేతా ఒక ప్రమాణపత్రం మీద సంతకాలు పెట్టించింది, ఆ జాబితాలు దొరికిన ఊళ్ళల్లో చూస్తే నూటికి 70 మంది దాకా పేరు రాయలేక ఏదో ఒక గుర్తు గీసి వదిలేశారు. అంటే ప్రెస్ వచ్చి దాదాపు 190 ఏళ్ళయినా అదీ సంగతి.

లెక్క ఎలా తెలిసిందన్నావు కదా, ఇలాగే, సంతకాలు లెక్కపెట్టి. పెళ్ళి రిజిస్టర్లు, వీలునామాలు, కోర్టు వాంగ్మూలాలు, వీటి కింద ఎవరు పేరు రాశారు ఎవరు గుర్తు పెట్టారు అని చూడటమే. ఫ్రాన్స్‌లో 1870ల్లో మాజియోలో అని ఒక రిటైరైన విద్యాశాఖ అధికారి దేశం మొత్తం మీద దాదాపు 16 వేల మంది బడిపంతుళ్ళని కదిలించి వాళ్ళ వాళ్ళ ఊళ్ళ పాత పెళ్ళి రిజిస్టర్లు తిరగేయించాడు, ఆ పంతుళ్ళ ఓపికకి దణ్ణం పెట్టాలి. 1686-90 మధ్య పెళ్ళిళ్ళలో పేరు రాయగలిగిన పెళ్ళికొడుకులు నూటికి 29, పెళ్ళికూతుళ్ళు 14. వందేళ్ళ తర్వాత, సరిగ్గా ఫ్రెంచి విప్లవం ముందు, 47, 27. పెరిగింది, కానీ ఎంత నెమ్మదిగా పెరిగిందో చూడు.

ఇక్కడే అసలు చిక్కుంది, నీ నోట్స్‌లో లేనిది. సంతకం చెయ్యడం రాయడానికి సంబంధించింది, చదవడానికి కాదు. ఆ రోజుల్లో ముందు చదవడం నేర్పేవాళ్ళు, రాత ఆ తర్వాత, విడిగా. ఆరేళ్ళ పిల్లాడు అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకునేసరికి ఇంట్లో వాడి అవసరం పడేది, ఉన్ని వడకడానికో పశువుల వెంటో పంపేసేవాళ్ళు, రాతపాఠం దాకా వచ్చేవాడే కాదు. పైగా ఈక కలం, సిరా, కాగితం, అన్నీ ఖర్చే. ఆడపిల్లలకైతే చదవడం నేర్పాక రాత బదులు కుట్టుపని పెట్టేవాళ్ళు.

థామస్ ట్రయాన్ అని 1634లో గ్లోస్టర్‌షైర్ పల్లెటూళ్ళో పుట్టిన ఒక కుర్రాడి కథ చెప్తాను, తన జీవితం గురించి తనే రాసుకున్నాడు. పదమూడేళ్ళకి గొర్రెలు కాస్తున్నాడు, చదువు రాదు. ఒక వాచకం కొనుక్కుని తోటి కాపరుల్ని ఒకసారి ఒకర్నీ ఇంకోసారి ఇంకొకర్నీ అడుగుతూ చదవడం నేర్చేసుకున్నాడు, నేర్పినవాళ్ళకే అంతంత మాత్రం వచ్చు. సరే రాయడం కూడా నేర్చుకుందామంటే ఆ కాపరుల్లో రాత వచ్చినవాడు ఒక్కడూ లేడు! చివరికి పేదపిల్లలకి పాఠాలు చెప్పే ఒక కుంటి కుర్రాడికి తన గొర్రెల్లో ఒకటి ఇచ్చి రాత నేర్చుకున్నాడు. చదువు ఊరికే వచ్చింది, రాతకి గొర్రె ఖర్చయింది. ఇప్పుడా కాపరుల్ని ఏ రిజిస్టర్లోనో చూస్తే అందరూ గుర్తు పెట్టేవాళ్ళే, అందరూ నిరక్షరాస్యుల ఖాతాలోకే. ఈ ట్రయాన్ తర్వాత బోలెడు పుస్తకాలు రాశాడు, అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ పదహారేళ్ళప్పుడు మాంసం మానేసింది ఇతని పుస్తకం చదివే.

స్వీడన్ ఇంకో ఉదాహరణ. 1686 చర్చి చట్టం ప్రకారం అందరూ, పనివాళ్ళతో సహా, చదవడం నేర్చుకోవాలి, పాస్టర్ ఇళ్ళకొచ్చి పరీక్ష పెట్టి ఎవరు ఎలా చదివారో పుస్తకంలో రాసుకునేవాడు. బళ్ళు పెద్దగా లేవు, ఇంట్లో అమ్మానాన్నలే నేర్పేవాళ్ళు. దాంతో చదవడం వచ్చి రాయడం రాని జనం దేశమంతా తయారయ్యారు. అందుకే ఆ ఫ్రాన్స్ పెళ్ళికూతుళ్ళ 14 అనే అంకె చూసి మిగతా 86 మందికీ అక్షరం ముక్క రాదని అనేసుకోకు, వాళ్ళకి అన్యాయం చేసినట్టే.

ప్రశ్న: చదవడం వచ్చిన పేదవాళ్ళు ఏం చదివేవారు మేడం? బైబిల్ ఒక్కటేనా? — రిటైర్డ్ తెలుగు మాస్టారు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: బైబిల్ ఒకటే కాదు మాస్టారూ, అసలు పండగంతా చవక అచ్చులోనే ఉంది. ఇంగ్లండ్‌లో ఒక పెన్నీ పెడితే ఒకే కాగితం మీద అచ్చేసిన పాట వచ్చేది, హత్యలు, ప్రేమలు, యుద్ధాలు, వింత శిశువులు, ఏదైనా సరే. పైన ట్యూన్ పేరు వేసేవాళ్ళు, మన భజన పాటల పుస్తకాల్లో పాట నెత్తిన "ఫలానా సినిమా పాట వరుస" అని ఉంటుంది చూడండి, అచ్చం అలాగే. స్వరలిపి అక్కర్లేదు, వరుస అందరికీ వచ్చు. అమ్మేవాడు సంతలో నిలబడి పాడుతూ అమ్మేవాడు, కొన్నవాళ్ళు తీసుకెళ్ళి సారా దుకాణం గోడకో ఇంటి గోడకో అంటించేవాళ్ళు. బొమ్మలకి చెక్క దిమ్మెలు వాడేవాళ్ళు, ఆ దిమ్మె అరిగిపోయేదాకా అదే, ఒక పాటలో రాణీగారైన బొమ్మే ఇంకో పాటలో మొగుణ్ణి చంపిన ఇల్లాలయ్యేది.

ఇంకా పంచాంగాలు. 1660ల్లో ఇంగ్లండ్‌లో ఏడాదికి దాదాపు 4 లక్షల పంచాంగాలు అమ్ముడయ్యేవి, సంతల తేదీలు, చంద్రుడి కళలు, వైద్యం కోసం ఎప్పుడు నెత్తురు తీయించుకోవాలి, వాతావరణం ఎలా ఉంటుంది, అన్నీ అందులోనే. ఫ్రాన్స్‌లో త్రువా ఊరు నుంచి ఊదో కుటుంబం 1600ల మొదట్నుంచీ సాధువుల కథలు, వీరగాథలు, వంటల పుస్తకాలు, ముతక నీలిరంగు కాగితం అట్టతో వేసేది, చిల్లర వర్తకులు సూదులు రిబ్బన్లతో పాటు వీటినీ మోసుకుంటూ పల్లెలు తిరిగేవాళ్ళు.

చదవడం రానివాళ్ళు కూడా దీనికి బయట లేరండి, ఇది నేను గట్టిగా నమ్మే మాట. 1605లో వచ్చిన డాన్ కిహోటే అనే స్పానిష్ నవలలో ఒక సత్రం యజమాని చెప్తాడు, కోతల కాలంలో కూలీలు సత్రానికి వస్తారు, వాళ్ళలో చదువొచ్చినవాడు ఎవడో ఒకడుంటాడు, వాడు పుస్తకం పట్టుకుంటే చుట్టూ ముప్పై మంది పైగా చేరతాం అని. నవలే గానీ, అప్పటి పాఠకులకి అది తెలిసిన దృశ్యమే. ఇప్పుడా పుస్తకానికి పాఠకుడు ఒకడా ముప్పై మందా?

ఇక చదివిన పేదవాడు పుస్తకంలో ఉన్నదే బుర్రలోకి ఎక్కించుకున్నాడనీ అనుకోవద్దు. ఇటలీలో మోంతెరేలే అనే ఊళ్ళో మెనోక్కియో అని ఒక పిండిమర అతనుండేవాడు. పుస్తకాలు చాలావరకు ఇరుగుపొరుగు దగ్గర అరువు తెచ్చుకున్నవే, దూరదేశాల యాత్రల పుస్తకం కూడా చదివాడు, చదివి ఊళ్ళో అందరితో వాదన పెట్టుకునేవాడు. పాలలో జున్ను గడ్డకట్టినట్టు ప్రపంచం గడ్డకట్టింది, అందులో పురుగులు పుట్టాయి, అవే దేవదూతలు అన్నాడు. ఇది ఏ పుస్తకంలోనూ లేదు, అతను చదివినదీ ఊళ్ళో విన్నదీ కలిసి అతని బుర్రలో తయారైంది. 1584లో చర్చివాళ్ళ మతవిచారణ కోర్టు పట్టుకుంది, జైల్లో పెట్టి వదిలింది, అయినా అతను ఊరుకోలేదు, మళ్ళీ మాట్లాడాడు, 1599లో రెండోసారి విచారించి మరణశిక్ష వేశారు. ఒక పల్లెటూరి పిండిమర అతను చదివిన నాలుగు పుస్తకాలకి చర్చి అంత భయపడిందంటే ఆ చవక కాగితాల బలం అర్థమవుతుంది.

ప్రశ్న: గాంధీనగర్‌లో ట్రెడిల్ (కాలితో తొక్కే అచ్చుయంత్రం) మీద పని చేసినవాణ్ణి. అప్పటి ప్రెస్సులో గంటకి ఎన్ని కాగితాలు పడేవి, కాగితం ఎక్కడిది?

జవాబు: చెక్క ప్రెస్సుకి ఇద్దరు మనుషులు, ఒకరు తోలు బంతులతో అక్షరాలకి సిరా అద్దితే ఇంకొకరు పిడి లాగేవారు, గంటకి 250 అనేది అప్పటి లెక్క, రోజంతా ఆ వేగం నిలబడదని మీకు చెప్పక్కర్లేదు. కాగితం చింకిపాత నార బట్టల నుంచి. గుడ్డలు ఏరుకునేవాళ్ళ దగ్గర కొని, నానబెట్టి, ఏటి ఒడ్డున నీటిచక్రంతో దంచి, ఆ గుజ్జుని తీగల జల్లెడ మీద ఒక్కో షీటుగా ఎత్తి ఆరబెట్టేవాళ్ళు. చెక్క గుజ్జు కాగితం 19వ శతాబ్దంలో గానీ రాలేదు, కాబట్టి ఖర్చులో పెద్ద వాటా కాగితానిదే, దాన్ని వృథా పోనిచ్చేవాళ్ళు కాదు. పాత పాటల కాగితాలు పొట్లాలకి పోయేవి, ఇంకా ఎన్నో రకాలుగా వాడేసేవాళ్ళు. ఇవాళ మనకి మిగిలినవి 17వ శతాబ్దపు లండన్‌లో డైరీ రాసిన శామ్యూల్ పీప్స్ లాంటి వాళ్ళు పనిగట్టుకుని దాచబట్టే, ఆయన దాచిన పాటలు 1,700 పైగా ఇప్పటికీ కేంబ్రిడ్జ్‌లో మాడ్లెన్ కాలేజీలో ఉన్నాయి.