ప్రెస్ కొనే ముందు హంటింగ్ లైసెన్స్ తీసుకోండి

ప్రశ్న: నేను డాలస్ దగ్గర సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. హెచ్-1బి మీద ఉన్నాను, గ్రీన్‌కార్డ్ కోసం కంపెనీ వేసిన ఐ-140 పిటిషన్ అప్రూవ్ అయింది. నా భార్యది హెచ్-4 డిపెండెంట్ వీసా. గ్రీన్‌కార్డ్ ఉన్న స్నేహితుడితో కలిసి షూటింగ్ రేంజ్‌కి వెళ్తుంటాను. తూటాల ఖర్చు బాగా పెరిగిపోతోంది, అందుకని అపార్ట్‌మెంట్‌లోనే 9 ఎంఎం రీలోడింగ్, అంటే కాల్చేసిన ఖాళీ కేసుల్లో మళ్లీ మందు నింపి తూటాలు చేసుకోవడం, మొదలుపెడదామనుకుంటున్నాను. ఆ పనికి వాడే ప్రెస్ అనే యంత్రం సింగిల్ స్టేజ్‌ది (ఒక్కోసారి ఒక్క పనే చేసేది) తీసుకోవాలా, ప్రోగ్రెసివ్ తీసుకోవాలా? మిగిలినవి రేంజ్‌లో తెలిసినవాళ్లకు అమ్ముకోవచ్చా? గుంటూరు జిల్లాలో మా నాన్నగారికి లైసెన్స్ ఉన్న డబుల్ బ్యారెల్ గన్ ఉంది. ఆయనకూ ఓ చిన్న ప్రెస్ తీసుకెళ్లాలని ఉంది. చట్టపరంగా ఏమైనా ఇబ్బందా?
- ఒక పాఠకుడు, టెక్సస్

జవాబు: ఏ ప్రెస్ కొనాలో తర్వాత చెబుతాను. మీలాంటి వీసా మీద ఉన్నవాళ్లను తుపాకీ, తూటాల కేసు నుంచి కాపాడే హంటింగ్ లైసెన్స్ మాటే మీ ఉత్తరంలో లేదు. నాకు భయం వేసింది అందుకే.

అమెరికా ఫెడరల్ చట్టంలో 18 యూఎస్‌సీ 922(జి)(5) అనే నిబంధన ఉంది. హెచ్-1బి, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాల మీద వచ్చినవాళ్ల దగ్గర తుపాకీ గానీ తూటాలు గానీ ఉండకూడదని అది చెబుతుంది. ఐ-140 అప్రూవ్ అయినా మీరు ఇంకా పర్మనెంట్ రెసిడెంట్ కాదు కాబట్టి ఈ నిషేధం మీకూ వర్తిస్తుంది. గ్రీన్‌కార్డ్ చేతికొచ్చింది కాబట్టి మీ స్నేహితుడికి ఆ చిక్కు లేదు.

మనవాళ్లు ఎక్కువగా పొరబడేది తూటా అంటే ఏమిటన్న దగ్గర. పూర్తిగా తయారైన తూటా ఒక్కటే కాదు, ఖాళీ ఇత్తడి కేసు (తొడుగు), ప్రైమర్ (మందును అంటించే చిన్న టోపీ), బుల్లెట్ (దూసుకెళ్లే గుండు), మందు - వీటిలో ఏ ఒక్కటైనా చట్టం దృష్టిలో అమ్యూనిషనే. సెక్షన్ 921 నిర్వచనంలోనే ఆ మాట ఉంది. అంటే రేంజ్‌లో నేల మీద రాలిన ఖాళీ కేసులు ఏరి జేబులో వేసుకున్నా, హంటింగ్ లైసెన్స్ లేని హెచ్-1బి మనిషికి అది నేరమే. ప్రెస్, దానికి బిగించే డైలు (అచ్చులు), తూకం మాత్రం ఈ నిర్వచనంలోకి రావు. ప్రెస్ కొని బల్లకు బిగించుకోవడంలో తప్పు లేదు. పక్కన ప్రైమర్ల డబ్బా పెట్టిన క్షణం నుంచి సమస్య మొదలవుతుంది.

షాపులో ఎవరూ అడగరు. తుపాకీ కొనేటప్పుడు నింపే 4473 ఫారంలో వీసా ప్రశ్నలుంటాయి, మందు డబ్బాకూ ప్రైమర్లకూ ఆ ఫారం ఉండదు. బిల్లు వేసి ఇచ్చేస్తారు. వాళ్లు అమ్మారు కదా అని ధైర్యం తెచ్చుకోకండి. రేంజ్‌లో అద్దె గన్ పట్టుకుని కాల్చినా అది మీ స్వాధీనంలో ఉన్నట్టే లెక్క. 2019లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన రెహైఫ్ కేసు మొదలైంది అలాగే. చదువు ఆగిపోయి స్టూడెంట్ స్టేటస్ పోయిన యువకుడు ఫ్లోరిడాలో రేంజ్‌కి వెళ్లి కాల్చాడు. తన స్టేటస్ సంగతి అతనికి తెలుసని ప్రభుత్వమే రుజువు చేయాలని కోర్టు అంది. ఆ తీర్పు మీకు అక్కరకు రాదు, ఎందుకంటే మీ స్టేటస్ ఏమిటో మీకు బాగా తెలుసు. చట్టం ఇలా ఉందని తెలియదంటే కోర్టు వినదు.

గరిష్ఠ శిక్ష 2022 చట్టంతో పదేళ్ల నుంచి పదిహేనేళ్లకు పెరిగింది. దానికి మించిన నష్టం ఇమిగ్రేషన్‌లో. ఈ సెక్షన్ కింద శిక్ష పడితే దాన్ని అగ్రవేటెడ్ ఫెలొనీగా, అంటే ఇమిగ్రేషన్ చట్టంలో అతి తీవ్రమైన నేరంగా లెక్కేస్తారు. ఇన్నేళ్లుగా క్యూలో నిలబడిన గ్రీన్‌కార్డ్ పోయి డిపోర్టేషన్ మీదకొస్తుంది. తూటాల ఖర్చు మిగుల్చుకోవడానికి ఇంత రిస్క్ వద్దు.

అయితే దారి ఉంది, అది సులువైనదే. అమెరికాలో చట్టబద్ధంగా జారీ అయిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ మీ దగ్గర ఉంటే ఈ నిషేధం నుంచి మినహాయింపు వస్తుంది. టెక్సస్‌లో పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ ఇస్తుంది. ఆరు నెలలకు పైగా అక్కడే ఉంటున్నవాళ్లకు 25 డాలర్లు. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాలి, పెద్దవాళ్లు ఆన్‌లైన్‌లో పూర్తి చేసుకోవచ్చు. ఒక్క తేదీ మాత్రం గుర్తుంచుకోండి. ఈ లైసెన్స్ ఎప్పుడు తీసుకున్నా ఆగస్టు 31తో ముగుస్తుంది. రెన్యూ చేయడం మరిచిపోతే సెప్టెంబరు 1 ఉదయానికి మీ అల్మారాలో ఉన్న మందు, ప్రైమర్లు అన్నీ నిషిద్ధ వస్తువులే. ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి, పాత లైసెన్సుల కాపీలు కూడా దాచండి. మీ శ్రీమతిది హెచ్-4 అంటున్నారు. సరుకు ఇద్దరూ ఉండే ఇంట్లో ఉంటుంది కాబట్టి ఆవిడ పేర కూడా ఒకటి తీసుకోండి. ఇల్లినాయ్, మసాచుసెట్స్ లాంటి చోట్ల తూటాలకు రాష్ట్రం ఇచ్చే కార్డు వేరే ఉండాలి, ఉద్యోగం మారి వెళ్తే ముందు అది చూసుకోండి.

ఇక ప్రెస్. నా సలహా సింగిల్ స్టేజ్. 9 ఎంఎం కేసులో పొరపాటున రెండుసార్లు మందు పడినా కొన్ని రకాల మందుతో అది పొర్లదు, బయటికి తెలియదు. డిల్లన్ లాంటి ప్రోగ్రెసివ్ ప్రెస్‌లో ఒక్క లివర్ లాగుడుకు నాలుగైదు పనులు ఒకేసారి జరుగుతాయి, కొత్తవాడి కన్ను అన్నింటి మీదా ఉండదు. ఆర్‌సీబీఎస్ రాక్ చకర్ లాంటి సింగిల్ స్టేజ్‌లో అయితే మందు పోసిన కేసులన్నీ చెక్క బ్లాక్‌లో వరసగా నిలబెట్టి, టార్చి వేసి ఒక్కొక్కటీ చూశాకే బుల్లెట్ కూర్చోబెడతారు. పని నెమ్మదిగా సాగుతుంది, సాగనివ్వండి. మందు కొలత అచ్చయిన లోడ్ మాన్యువల్‌లోదే వాడండి, ఎవరో చెప్పినది వద్దు.

అపార్ట్‌మెంట్ అన్నారు కాబట్టి ముందు లీజు తీసి చదవండి. పేలుడు, మండే పదార్థాలు ఉంచకూడదన్న షరతు చాలా లీజుల్లో ఉంటుంది. ఎన్ఎఫ్‌పీఏ 495 అనే అగ్నిమాపక ప్రమాణం ఇళ్లలో స్మోక్‌లెస్ పౌడర్‌ను (తూటా మందును) దాని అసలు డబ్బాల్లోనే 20 పౌండ్ల దాకా, ప్రైమర్లను 10,000 దాకా అనుమతిస్తుంది. మీ ఊరి ఫైర్ కోడ్ అంతకన్నా తక్కువ చెబితే దాన్నే పాటించాలి.

అమ్మే ఆలోచన పూర్తిగా మానేయండి. సొంతానికి చేసుకుంటే ఫెడరల్ లైసెన్స్ అక్కర్లేదు. వ్యాపారంగా చేస్తే టైప్ 06 అనే తూటాల తయారీ లైసెన్స్ కావాలి. అంతకు ముందే హెచ్-1బి మీద ఇలాంటి పక్క సంపాదన స్టేటస్ ఉల్లంఘన అవుతుంది. ఊరికే ఇచ్చినా, మీరు చేసిన తూటాతో ఒకరి గన్ పగిలి చెయ్యి దెబ్బతింటే నష్టపరిహారం దావా మీ మీదకే వస్తుంది.

నాన్నగారి విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను, తీసుకెళ్లకండి. మన ఆయుధాల చట్టం 1959లో సెక్షన్ 2(1)(బి) చూడండి. తూటాలు తయారు చేసే యంత్రం కూడా అమ్యూనిషన్ నిర్వచనంలోనే ఉంది. టెక్సస్‌లో మామూలు ఇనప సామానుగా ఉన్న ప్రెస్, శంషాబాద్ కస్టమ్స్ బల్ల మీద అమ్యూనిషన్ అవుతుంది. ఆయన లైసెన్స్ గన్ ఉంచుకోవడానికీ, అందులో రాసిన పరిమితి మేరకు డీలర్ దగ్గర తూటాలు కొనుక్కోవడానికీ. తయారీకి సెక్షన్ 5 కింద వేరే లైసెన్స్ ఉండాలి. అది లేకుండా దిగితే, 2019 సవరణ తర్వాత సెక్షన్ 25(1) కింద కనీసం ఏడేళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం. పెద్ద వయసులో ఆయనను ఆ ఊబిలోకి దింపకండి.

మరో సంగతి, రేంజ్‌కి వాడే బ్యాగ్‌తో ఇండియా ప్రయాణం చేయకండి. అడుగు జేబులో మరిచిపోయిన ఒక్క తూటా స్కానర్‌లో కనపడి కేసులు నమోదైన సందర్భాలు చాలా ఉన్నాయి. తెలియకుండా ఉండిపోయిందని, స్పృహతో కూడిన స్వాధీనం కాదని హైకోర్టులో వాదించి కొట్టేయించుకోవచ్చు. కానీ అందాకా మీ సెలవులన్నీ పోలీస్ స్టేషన్ చుట్టూ, వకీలు ఆఫీసు చుట్టూ తిరగడానికే సరిపోతాయి.