క్యారం బోర్డు పాలిష్ లేచిన చోట, దాని మీదే లాకర్ (చెక్కకు వేసే మెరుపు పూత) కొట్టొచ్చా?

కొట్టకూడదు; లేచిన పొరను పూర్తిగా తీసేశాకే కొత్త లాకర్ పట్టుకుంటుంది. పగుళ్లలోకి దిగిన బోరిక్ పౌడర్ చెక్కకూ లాకర్‌కూ మధ్య అడ్డుపడి, ఎన్ని కోట్లు వేసినా మళ్లీ పెచ్చులూడుతుంది. రూపాయి బిళ్లంత లేచిందనుకోండి: బ్లేడుతో పెచ్చు తీసి, పౌడర్ తుడిచి, అంచును 320 నంబరు శాండ్‌పేపర్‌తో ఏటవాలుగా రుద్దాలి. గీతల దగ్గర చెయ్యి తేలిగ్గా ఉండాలి, లాకర్ కింది రంగు ఇట్టే పోతుంది. థిన్నర్ కలిపిన ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) లాకర్‌ను పల్చగా, పొర ఆరాక పొర వేసి కాస్త ఎత్తు తెచ్చి, రెండు రోజులాగి 600, తర్వాత 1000 నంబరు శాండ్‌పేపర్‌తో సమం చేయాలి. ఒకేసారి మందంగా పోస్తే పని త్వరగా అవుతుందనుకోవడం పొరపాటు: పైపొర ముందే ఆరి, లోపలి థిన్నర్ మెల్లగా ఎగిరిపోతూ అక్కడ గుంట పడుతుంది. ముసురు పట్టిన రోజు అసలే వద్దు, తేమకు లాకర్ తెల్లగా మసకబారుతుంది.