గుర్రమెక్కితే నడక వస్తుందా?

ప్రశ్న: మేడమ్ గారూ, మా బాబుకి ఏడేళ్లు. సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని కండరాలు అదుపులో ఉండవు. కాళ్లు బిగుసుకుపోయి ఒకదానికొకటి అడ్డం పడుతుంటాయి. రెండు చేతులూ పట్టుకుంటే నాలుగడుగులు వేస్తాడు. ఫిజియోథెరపీ మానకుండా చేయిస్తున్నాం. గుర్రమెక్కిస్తే నడక వస్తుందని తెలిసినవాళ్లు చెప్పారు. మా అత్తగారేమో 'ఉన్న కాళ్లు కూడా విరగ్గొడతారా' అని కోప్పడుతున్నారు. ఏం చెయ్యమంటారు?
— ఒక తల్లి

జవాబు: మీ అత్తగారిని తప్పు పట్టలేనమ్మా. నాలుగైదు వందల కిలోల జంతువు మీద పసివాణ్ణి కూర్చోబెడతామంటే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. కానీ మీ వాడికి పనికొచ్చేది స్వారీ నేర్చుకోవడం కాదు, హిప్పోథెరపీ, అంటే గుర్రం నడకనే చికిత్సగా వాడుకోవడం. స్వారీలో పిల్లవాడు గుర్రాన్ని నడుపుతాడు. ఇక్కడ వాడు నడపాల్సిందేమీ లేదు. పగ్గం పట్టుకుని ఒకరు ముందు నడుస్తారు. అటొకరు, ఇటొకరు వాడి తొడ మీద చెయ్యి వేసి పక్కనే నడుస్తారు. ఎప్పుడు ఆపాలి, ఎటు తిప్పాలి అని చెప్పేది మాత్రం నాలాంటి ఫిజియోథెరపిస్టో, ఆక్యుపేషనల్ థెరపిస్టో.

గుర్రం నడుస్తుంటే దాని వీపు ముందుకూ వెనక్కీ, పక్కలకీ ఊగుతూ కాస్త మెలి తిరుగుతుంది. మనం నడిచేటప్పుడు మన తుంటి కదిలేదీ దాదాపు అలాగే. సొంతంగా నడవని పిల్లాడి నడుముకు ఆ కదలిక ఎలా ఉంటుందో చూపించడానికి నా గదిలోని బల్లలూ బంతులూ ఏవీ గుర్రానికి సాటి రావు. నిమిషానికి సుమారు 100 అడుగులు పడతాయి. ప్రతి అడుగుకీ వాడి ఒళ్లు పడిపోకుండా సర్దుకోవాల్సిందే.

కొత్తగా ఎక్కిన పిల్లలు జీను బదులు వేసిన మెత్తని పరుపును గుప్పిళ్లతో బిగించి పట్టుకుని, మోకాళ్లు పైకి లాక్కుని కూర్చుంటారు. గుర్రం ఒళ్లు మన ఒంటికంటే కాస్త వెచ్చన. ఆ వెచ్చదనం, ఆ ఊపు కలిసి కాసేపటికి చాలామందికి తొడలు వదులవుతాయి, మోకాళ్లు మెల్లగా కిందికి జారతాయి. అప్పుడు గుర్రాన్ని ఆపిస్తాను, మళ్లీ నడిపిస్తాను. ఆగినప్పుడు ముందుకు తూలతారు, కదిలినప్పుడు వెనక్కి. ఒక్కోసారి తోకవైపు తిప్పి కూర్చోబెడతాను. తూలబోయిన పిల్లాడు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నిలదొక్కుకుంటే ఆ పూట నేను టీ కూడా మర్చిపోతాను.

పరిశోధనల్లో కనిపించిన మేలు కూడా ఇలాంటిదే. కూర్చునే నిలకడ, బ్యాలెన్సు, ఒంటి కదలికలు మెరుగవుతాయి. 'నడక గ్యారంటీ' అని ఎవరైనా అంటే మాత్రం అక్కణ్ణించి వచ్చెయ్యండి. ముందుగా బాబు తుంటి ఎక్స్‌రే తీయించి డాక్టరుకు చూపించండి. బిగుసుకున్న కాళ్లున్న పిల్లల్లో తుంటి కీలు పక్కకి జరుగుతూ ఉండొచ్చు. ఫిట్స్ అదుపులో లేకపోయినా, వెన్ను బాగా వంకర తిరిగినా ఎక్కించం. డౌన్ సిండ్రోమ్ పిల్లలకైతే మెడ ఎముకల పరీక్ష అయ్యాకే. ఇప్పుడు చేయిస్తున్న ఫిజియోథెరపీ మానొద్దు.

మీకు ఆ మాట చెప్పినవాళ్లు లిజ్ హార్టెల్ కథ కూడా చెప్పే ఉంటారు. డెన్మార్క్‌కు చెందిన ఆవిడకి 1944లో గర్భంతో ఉండగా పోలియో వచ్చింది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో గుర్రపు స్వారీలో రజతం గెలిచింది, 1956లో మళ్లీ గెలిచింది. ఆ స్ఫూర్తితోనే చాలా దేశాల్లో ఈ కేంద్రాలు మొదలయ్యాయి. 'గుర్రం నయం చేసింది' అని మాత్రం నేను ఒప్పుకోను. ఆవిడకి మోకాళ్ల కింద చచ్చుబడిన కాళ్లు అలాగే ఉన్నాయి, ఎక్కడానికీ దిగడానికీ ఒకరు సాయం పట్టాల్సి వచ్చేది. పైగా పోలియోకి ముందే ఆవిడ ఆరితేరిన రౌతు.

ప్రశ్న: రోడ్డు ప్రమాదం జరిగి ఏడాది దాటింది. నిద్ర లేదు, హారన్ మోగితే ఒళ్లు బిగుసుకుపోతుంది. కౌన్సెలింగ్‌కి వెళ్లి మధ్యలో మానేశాను. మాట్లాడమంటే నోరు పెగలదు. గుర్రాలు మనిషి మనసు చదివేస్తాయని మా అక్క అంటోంది. నిజమేనా?
— పేరు వద్దు

జవాబు: మనసు చదవవు బాబూ, ఒళ్లు చదువుతాయి. గుర్రం పులికీ తోడేలుకీ ఆహారం కాకుండా బతికి బట్టకట్టిన జంతువు. కళ్లు తలకి రెండు పక్కలా ఉంటాయి కాబట్టి ముక్కుకు ఎదురుగా కొంచెం, తోక వెనక కొంచెం తప్ప చుట్టూ అంతా కనిపిస్తుంది. దగ్గరికొచ్చేవాడి నడకలోని బిరుసు, బిగబట్టిన ఊపిరి దానికి ప్రమాద సూచనలు. అంతకుమించి మాయ ఏమీ లేదు.

మా దగ్గర ఈ పనికి ఎప్పుడూ ఇద్దరుంటారు. ఒకరు కౌన్సెలర్, ఇంకొకరు గుర్రం సంగతి తెలిసినవాళ్లు. ఎక్కడం ఉండదు. దువ్వడం, తాడుతో నడిపించడం, అంతే. మీలాగే ప్రమాదం తర్వాత నోరు విప్పని ఒకాయన బ్రష్ పట్టుకుని గుర్రం మెడ దగ్గరికి వెళ్లాడు. అది తల పైకెత్తి అడుగు పక్కకి వేసింది. మళ్లీ వెళ్లాడు, మళ్లీ జరిగింది. 'దానికేమైంది?' అని కౌన్సెలర్ అడిగింది. 'భయపడుతోంది' అన్నాడు. 'దేనికి?' అంటే చాలాసేపు బ్రష్ వంక చూసి, 'నేను ఊపిరి పీల్చడం లేదు' అన్నాడు. అతను తన గురించి అక్కడ చెప్పిన మొదటి మాట అదే. 'మీకెలా అనిపిస్తోంది' అని ఎదురుగా కూర్చుని అడిగితే రాని మాట, గుర్రం గురించి అడిగితే వచ్చింది.

మరి ఇది పనిచేస్తుందా? అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయంవాళ్లు పీటీఎస్‌డీతో (ఘోరమైన సంఘటన తర్వాత మనసుని వదలకుండా వేధించే భయంతో) బాధపడే 63 మంది మాజీ సైనికులతో చేసిన అధ్యయనం 2021లో వెలువడింది. వారానికోసారి గంటన్నర చొప్పున 8 వారాలు. చాలామందిలో లక్షణాలు తగ్గాయి. అయితే గుర్రాలు లేకుండా పోల్చి చూసే జట్టు అందులో లేదు, కాబట్టి మేలంతా గుర్రానిదేనని అనలేం. నా సలహా ఏమిటంటే, మానేసిన కౌన్సెలింగ్‌కి మళ్లీ వెళ్లండి. నోరు పెగలడం లేదన్న సంగతే మొదట చెప్పండి. వీలుంటే దీన్ని దానికి తోడుగా పెట్టుకోండి. చచ్చిపోవాలన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే గుర్రం కోసం, అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అదే పూట ఆస్పత్రికి వెళ్లండి, అక్కని వెంటబెట్టుకుని.

ప్రశ్న: మా పాపకి ఆటిజం. గుర్రాల దగ్గరికి తీసుకెళ్తే స్పీచ్ థెరపీ మానెయ్యొచ్చా?
— ఒక తండ్రి

జవాబు: మానొద్దండీ. ఆటిజం ఉన్న 127 మంది పిల్లలతో చేసిన అధ్యయనం ఒకటి 2015లో వచ్చింది. 10 వారాలు స్వారీ చేసినవాళ్లలో చిరాకు, అతి చురుకు తగ్గాయి, మాటలు కొంత పెరిగాయి. రెండో జట్టు పిల్లలకి గుర్రాల గురించి అన్నీ నేర్పారు గానీ అసలు గుర్రాన్ని తాకనివ్వలేదు, అందుకే ఈ ఫలితాన్ని నేను కాస్త నమ్ముతాను. పాపకి జంతువులంటే హడలైతే బలవంతం చెయ్యకండి.

ప్రశ్న: అందరి టెన్షన్లూ మోసే గుర్రానికి టెన్షన్ ఉండదా?
— ఒక విద్యార్థిని

జవాబు: ఎందుకుండదమ్మా! చెవులు వెనక్కి అదిమిపెట్టడం, ఈగలు లేకపోయినా తోక విసరడం, పొట్టకింద పట్టీ బిగిస్తుంటే కరవబోవడం, ఇవన్నీ అది చెప్పే ఫిర్యాదులే. 'గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు' అన్నట్టు, పోషణ ఖర్చు రాబట్టుకోవాలని పొద్దస్తమానం తిప్పే నిర్వాహకులూ ఉన్నారు. నాకు వాళ్లంటే మంట. జీనుతో కలిపి మోసే బరువు దాని ఒంటి బరువులో ఐదోవంతు మించకూడదు. మీలో ఎవరైనా కేంద్రం చూడ్డానికి వెళ్తే సర్టిఫికెట్లు అడగడంతోపాటు, ఈ గుర్రం రోజుకి ఎంతమందితో పనిచేస్తుంది, తోటి గుర్రాలతో బయలులో ఎంతసేపు తిరుగుతుంది అని కూడా అడగండి. నీళ్లు నమిలితే పిల్లల్ని అక్కడ ఎక్కించకండి.