టీసీ తీసుకోమంటున్నారు, రాజీ కుదురుతుందా?

ప్రశ్న: మా బాబు మిర్యాలగూడలో ఒక ప్రైవేటు బడిలో ఆరో తరగతి చదువుతున్నాడు. డిస్లెక్సియా (చదవడం, రాయడం కష్టమయ్యే అభ్యసన వైకల్యం) ఉందని హైదరాబాద్‌లో డాక్టర్లు తేల్చారు. పాఠం నోటితో అడిగితే గడగడా చెబుతాడు, పరీక్షలో మాత్రం సగం పేపరు ఖాళీగా వదిలేస్తాడు. అదనపు సమయం ఇవ్వమంటే, ఒక్కరి కోసం పద్ధతి మార్చలేమనీ, ఇష్టపూర్వకంగా టీసీ తీసుకుంటున్నట్టు లెటర్ రాసివ్వమనీ అంటున్నారు. కోర్టుకెక్కే స్తోమత లేదు, బడితో వైరమూ వద్దు. మధ్యవర్తిత్వంతో తేలుతుందా?
– ఒక తల్లి, మిర్యాలగూడ

జవాబు: తేలే అవకాశం బాగానే ఉంది. అయితే ఆ లెటర్ మాత్రం రాసివ్వకండి. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా పిల్లవాణ్ని బడి నుంచి తీసివేయడానికి వీల్లేదు గనుక (మైనారిటీ విద్యాసంస్థలకు ఈ చట్టం వర్తించదు), ఆ పని మీ సంతకంతోనే చేయించాలని చూస్తున్నట్టుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో మీ బాబుకున్న అభ్యసన వైకల్యమూ ఒకటి. అలాంటి పిల్లలకు అవసరమైన సర్దుబాట్లు చేయవలసిన బాధ్యతను ఆ చట్టంలోని 16వ సెక్షన్ గుర్తింపు పొందిన ప్రైవేటు బడుల మీద కూడా పెట్టింది. కాబట్టి బాబు ఆ బడిలో ఉండడం గురించి బేరానికి ఒప్పుకోకండి. ఎలా చదివించాలన్న దాని మీదే మాటలు సాగనివ్వండి.

ఇలాంటి తగాదాలకు అమెరికాలో ప్రతి రాష్ట్రమూ తన ఖర్చుతో మధ్యవర్తిని ఏర్పాటు చేయాలని 1997లోనే చట్టం తెచ్చారు. మనకు ప్రత్యేకంగా అలాంటిది లేకపోయినా, న్యాయ సేవాధికార సంస్థ ఉంది. నల్లగొండలోని జిల్లా సంస్థకు తెల్లకాగితం మీద దరఖాస్తు ఇస్తే, కేసు వేయకముందే బడి యాజమాన్యాన్ని పిలిపించి మాట్లాడిస్తారు. మహిళలకు, పిల్లలకు, దివ్యాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఈ సేవలు ఉచితం; ఫోన్‌లో అడగాలంటే 15100 నంబరు ఉంది.

అక్కడికి వెళ్లేటప్పుడు డాక్టర్ల రిపోర్టుతో పాటు బాబు జవాబుపత్రాలు, నోటుపుస్తకాలు కూడా తీసుకెళ్లండి. ఖాళీగా ఉన్న ఆ సగం పేపరు పక్కనే బాబు నోటితో చెప్పిన జవాబులు రాసి చూపిస్తే, వాదన చాలావరకు అక్కడే తేలిపోతుంది. బోర్డు మీద రాసినదాన్ని ప్రింటు తీసి ఇవ్వడం, పరీక్షకు అదనపు సమయం, కొన్ని ప్రశ్నలు నోటితో అడగడం, అక్షరదోషాలకు మార్కులు కోయకపోవడం వంటివి విడివిడిగా అడగండి. “బాబును బాగా చూసుకుంటాం” అన్న ఒక్క వాక్యానికి సంతకం పెట్టి రావద్దు, అమలు దగ్గరికి వచ్చేసరికి దానికి విలువ ఉండదు. ఏ టీచరు, ఏ తేదీ నుంచి, ఏం చేస్తారో రాయించండి. ఆ రాజీని లోక్ అదాలత్ (రాజీతో తగాదాలు తేల్చే న్యాయవేదిక) అవార్డుగా, అంటే తీర్పుగా నమోదు చేయిస్తే అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు ఉండదు. అందుకే ప్రతి పంక్తీ చదివాకే సంతకం చేయండి.

యాజమాన్యం రాకపోయినా, వచ్చి ఒప్పుకోకపోయినా రాజీ కుదరదు. అప్పుడు జిల్లా విద్యాధికారికీ (డీఈవో), సాక్షులను పిలిపించడంలో సివిల్ కోర్టు అధికారాలున్న రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కూ ఫిర్యాదు చేయవచ్చు. ఈలోగా బాబును బడి మాన్పించకండి, హాజరు తగ్గితే అదే వాళ్లకు సాకవుతుంది.