ఇంటికొచ్చాక ఏమైంది?

ప్రశ్న: యుద్ధం సినిమాలు చాలానే చూశాను. హీరో ఇంటి గుమ్మంలో అడుగుపెట్టగానే శుభం కార్డు పడుతుంది. అలా కాకపోతే ఇంటికొచ్చినవాడు తాగుతూ, అర్ధరాత్రి కేకలేస్తూ, చేతికందింది పగలగొడుతూ ఉంటాడు. ఈ రెండిటికీ మధ్య మామూలు మనిషి ఉండడా? అలాంటివాళ్ళ గురించి రాసినవి, తీసినవి ఉంటే చెప్పండి.

జవాబు: ఉన్నాయండీ. కాకపోతే వాటిలో తుపాకుల మోత తక్కువ, అందుకే ఎక్కువమంది కంటపడవు. పేలుడు, పొగ, పరుగు చూపించడం కెమెరాకి తేలికే. ఇంటికొచ్చినవాడి ఇబ్బంది అలాంటిది కాదు, అది భోజనాల బల్ల దగ్గర ఎవరో మామూలుగా ఏదో అడిగినప్పుడు బయటపడుతుంది.

ముందు అమెరికా రచయిత హెమింగ్వే ‘సోల్జర్స్ హోమ్’ చదవండి, 1925లో పుస్తకంలో వచ్చిన చిన్న కథ. క్రెబ్స్ అనే కుర్రాడు మొదటి ప్రపంచ యుద్ధం నుంచి 1919లో, అంటే సన్మానాలూ హడావిడీ అన్నీ అయిపోయాక ఇంటికొస్తాడు. చూసింది చూసినట్టు చెబితే వినేవాడు లేడు, ఊళ్ళోవాళ్ళు అప్పటికే అంతకన్నా ఘోరమైన కథలు వినేసి ఉన్నారు మరి. ఎవరైనా వినాలంటే అబద్ధాలు కలపాలి. రెండుసార్లు అలా కలిపి చెప్పాక యుద్ధమన్నా, దాని గురించి మాట్లాడటమన్నా అతనికే వెగటు పుడుతుంది. ఒక పొద్దున టిఫిన్ దగ్గర వాళ్ళమ్మ దేవుడి గురించి, ఉద్యోగం గురించి చెప్పుకుంటూ పోతుంటే అతను మాత్రం ప్లేటులో గడ్డకడుతున్న కొవ్వునే చూస్తూ కూర్చుంటాడు. అంతే, ఎక్కడా ఒక్క ప్లేటు కూడా పగలదు. నన్నడిగితే కేకలేసే హీరోలందరికన్నా ఈ కుర్రాడే ఎక్కువ భయపెడతాడు.

జర్మన్ రచయిత రెమార్క్ అదే యుద్ధం మీద రాసిన నవల ‘ఆల్ క్వయట్ ఆన్ ద వెస్టర్న్ ఫ్రంట్’లో (1929) కూడా నాకు బాగా గుర్తుండిపోయినవి కందకాలు కావు, పాల్ అనే జర్మన్ కుర్ర సైనికుడు సెలవు మీద ఇంటికెళ్ళే అధ్యాయం. కొడుకు యూనిఫాంలోనే ఉండాలని తండ్రి ముచ్చట, తెలిసినవాళ్ళకి చూపించుకోవచ్చని. ఊళ్ళో పెద్దమనుషులేమో చేతిలో సిగార్ పెట్టి, ఏ దేశంలో ఏ ముక్క కలుపుకోవాలో అతనికే పాఠం చెబుతారు! తన గదికి వెళ్ళి ఒకప్పుడు ఇష్టంగా కొనుక్కున్న పుస్తకాలు తీస్తాడు, ఒక్క వాక్యం కూడా మనసుకెక్కదు. 1930 నాటి సినిమాలో ఈ సెలవు ఘట్టం ఉంది. 2022లో వచ్చిన జర్మన్ సినిమాలో దాన్ని మొత్తం ఎత్తేశారు. ఆ సినిమాకి 4 ఆస్కార్‌లు వచ్చాయి, బురద, రక్తం అద్భుతంగా తీశారు, కాదనను, కానీ ఆ అధ్యాయం లేకపోతే కథలో సగం ప్రాణం పోయినట్టేనని నా కోపం.

సినిమాయే కావాలంటే ‘ద బెస్ట్ ఇయర్స్ ఆఫ్ అవర్ లైవ్స్’ (1946) చూడండి, రెండో ప్రపంచ యుద్ధం నుంచి ఇంటికొచ్చినవాళ్ళ కథ. అందులో చేతుల్లేని నావికుడిగా వేసిన హెరాల్డ్ రస్సెల్‌కి నిజంగానే రెండు చేతులూ లేవు, 1944లో సైనిక శిక్షణలో జరిగిన పేలుడులో పోయాయి. సినిమాలో ఆ నావికుడు, చేసుకోబోయే అమ్మాయిని తన గదిలోకి తీసుకెళ్ళి, చేతులకున్న కొక్కేలు విప్పేసి, ఇప్పుడీ తలుపు గాలికి మూసుకుపోతే నేను తెరుచుకుని బయటికి రాలేను అని చెబుతాడు. ఆమె ఏడవదు, ఉపన్యాసమూ ఇవ్వదు, అతని చొక్కా గుండీలు పెడుతుంది. ఆ ఒక్క పాత్రకే రస్సెల్‌కి 2 ఆస్కార్‌లు ఇచ్చారు.

ప్రశ్న: అయితే పిచ్చెక్కినట్టు చూపించడం పూర్తిగా తప్పంటారా?

జవాబు: తప్పని ఎందుకంటాను, ఆ బాధ నిజమే కదా. మొదటి ప్రపంచ యుద్ధంలో దాన్ని షెల్ షాక్ అన్నారు, ఇప్పుడందరూ అంటున్న పీటీఎస్‌డీ (పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్) అనే పేరు అమెరికా మానసిక వైద్యుల అధికారిక జాబితాలోకి ఎక్కింది 1980లో. జాన్ హ్యూస్టన్ 1946లోనే ఆసుపత్రిలో ఉన్న సైనికులతో ‘లెట్ దేర్ బి లైట్’ అని డాక్యుమెంటరీ తీస్తే అమెరికా సైన్యం దాన్ని 30 ఏళ్ళకు పైగా జనానికి చూపించనివ్వలేదు. నా పేచీ అల్లా ఆ బాధని క్లైమాక్స్‌కి మసాలాగా వాడేవాళ్ళతోనే.

ప్రశ్న: తిరిగొచ్చిన ఆడవాళ్ళ గురించి ఎవరూ రాయలేదా?

జవాబు: బెలారస్ రచయిత్రి స్వెత్లానా అలెక్సియేవిచ్ రాశారు. రెండో ప్రపంచ యుద్ధంలో సోవియట్ సైన్యంలో పనిచేసిన ఆడవాళ్ళని వెతికి పట్టుకుని, వాళ్ళ మాటల్నే పుస్తకం చేశారు, ఇంగ్లిష్‌లో ‘ది అన్‌వుమన్లీ ఫేస్ ఆఫ్ వార్’ అని దొరుకుతుంది. మగవాళ్ళు పతకాలు పెట్టుకుని తిరుగుతుంటే, వీళ్ళలో చాలామంది తాము యుద్ధానికి వెళ్ళామన్న సంగతే దాచుకున్నారు. అక్కడ మగవాళ్ళ మధ్య ఏం చేసొచ్చిందో అని సాటి ఆడవాళ్ళే సూటిపోటి మాటలన్నారట. ఏకబిగిన చదవకండి, రోజుకి నలుగురైదుగురి మాటలు చాలు.