జావెలిన్ విసిరేది చేత్తో కదా, గజ్జల్లో గాయం ఎందుకవుతుంది?

జావెలిన్‌కి అసలు బలం కాళ్లు, నడుము నుంచే వస్తుంది, అందుకే భుజం, మోచేయితో పాటు గజ్జల కండరాలూ దెబ్బతింటాయి. కుడిచేతి వాటం అథ్లెట్ వేగంగా పరుగెత్తుకొచ్చి చివరి అడుగులో ఎడమ కాలిని నిటారుగా నేలలో పాతేసినట్టు ఆపుతాడు, ఆ పరుగు వేగం అక్కడ ఆగి నడుము, భుజం మీదుగా ఈటెలోకి వెళ్తుంది. ఆ క్షణంలో తొడ లోపలి కండరం ఒకపక్క సాగుతూనే బిగుసుకోవాలి. దానికి బలం చాలకపోయినా, అలసి ఉన్నా పోగులు చిట్లుతాయి.

నీరజ్ చోప్రానే చూడండి. 2022 జులైలో యూజీన్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో 88.13 మీటర్లతో రజతం గెలిచాడు, అక్కడే గజ్జల్లో గాయమై బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడలకి దూరమయ్యాడు. నెల దాటాక స్విట్జర్లాండ్‌లోని లౌసాన్‌లో 89.08 మీటర్లు విసిరి గెలిచాడు.

చాలామంది నొప్పి తగ్గితే నయమైనట్టే అనుకుని మర్నాడే ఫుల్ రనప్‌తో, అంటే విసిరే ముందు తీసే పూర్తి పరుగుతో, విసిరేస్తారు, గాయం తిరగబెట్టేది అక్కడే. నొప్పి ముందు పోతుంది, కొత్త పోగులు గట్టిపడటానికి ఇంకా టైం కావాలి. మొదటి రెండు మూడు రోజులు ఐస్, విశ్రాంతి చాలు, బామ్ రాసి గట్టిగా రుద్దొద్దు. తర్వాత మోకాళ్ల మధ్య దిండు పెట్టి నొక్కడం, మెల్లగా జాగింగ్, నిలబడి విసరడం, చివర్లోనే రనప్. ఇక రాకుండా ఉండాలంటే వార్మప్‌తో పాటు, పై కాలిని బెంచీ మీద ఆనించి చేసే సైడ్ ప్లాంక్ (పక్కకి తిరిగి, మోచేయి మీద ఒళ్లు లేపి నిటారుగా ఉంచడం) వారానికి రెండు మూడుసార్లు చేయండి. తొడ కమిలి నల్లబడినా, నడవలేకపోయినా వెంటనే డాక్టర్‌కి చూపించండి.